మాట యెప్పుడు ఒడంబడిక యగును?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు వాణిజ్యశాస్త్ర విద్యార్థులను, గ్రామస్థులను ఉద్దేశించి చేయబడిన ఉపన్యాసము)



తెల్లవారినది మొదలు దీపము మలుపువరకు మానవుడు చేసికొను ఒడంబడికలకు లెక్క లేదు. వాడుకకు పాలు పోయించుకొనుట యొక ఒడంబడిక. బండి బాడుగకు మాటలాడుట మరియొకటి. కౌలు, కూలి, తాకట్టు, బస్సు టిక్కెట్టు ఇవన్నియు ఒడంబడికలే. అయినను ఒడంబడిక యనగా నేమని యడిగినచో, "స్టాంపు కాగితముపై సంతకము" అని పలువురు బదులు చెప్పుదురు. ఈ బదులులో రెండు పొరపాట్లు గలవు. కాగితము లేనిదే మాటకు విలువ లేదనుకొనుట మొదటిది. కాగితముపై వ్రేలిముద్ర పడినచో నిక తిరుగు లేదనుకొనుట రెండవది. మొదటిదానివలన మాట తప్పువారు పెరుగుదురు. రెండవదానివలన పొలములు పోగొట్టుకొనువారు పెరుగుదురు. ఈ రెండింటి నడుమ శాసనము నిజముగా చెప్పునదేమో విచారించుటయే నేటి ప్రసంగమునకు ప్రయోజనము.

భారతదేశమున ఒడంబడికలకు మూలశాసనము 1872వ సంవత్సరపు 9వ చట్టము. అది ఆ యేడు సెప్టెంబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. మొదట అందు 266 సెక్షను లుండెను. సరకుల విక్రయమునకు సంబంధించిన భాగము 1930లోను, వర్తక భాగస్వామ్యమునకు సంబంధించిన భాగము 1932లోను వేరు చట్టములుగా విడిపోయినవి. తక్కినది నేటికిని వర్తకునకు, రైతునకు, కూలికి ఒక్కటే శాసనముగా నిలిచియున్నది. విద్యార్థి మొట్టమొదట గ్రహింపవలసినది అందలి 10వ సెక్షను. దాని సారాంశ మిది: అర్హత గల వ్యక్తులు, స్వేచ్ఛగా సమ్మతించి, న్యాయమైన ప్రతిఫలమునకు, న్యాయమైన ఉద్దేశముతో చేసికొన్న ఒప్పందము, చట్టము చెల్లదని ప్రత్యేకముగా చెప్పనంతవరకు, ఒడంబడిక యగును. ఒప్పందములన్నియు ఒడంబడికలు కావు. న్యాయస్థానము అమలుపరచదగిన ఒప్పందమే ఒడంబడిక. ఏదేని యితర శాసనము వ్రాతను కోరినచోట తప్ప, నోటిమాటయు ఒడంబడిక కాగలదు. ఈ సెక్షనులోని ఒక్కొక్క పదమును విడదీసి చూచినచో తక్కిన విషయమంతయు దానంతట తేటపడును.

ఒడంబడికకు విత్తనము ప్రతిపాదన, మొలక అంగీకారము. "నా యెడ్లజతను ఇంత వెలకు ఇచ్చెదను" అనుట ప్రతిపాదన. "ఆ వెలకే తీసికొందును" అనుట అంగీకారము. "అయిదువందలు తగ్గించినచో తీసికొందును" అనినచో అది అంగీకారము కాదు, క్రొత్త ప్రతిపాదన. పాత ప్రతిపాదన అంతటితో అంతరించినది. అవతలివాడు వేరొకరికి అమ్ముకొన్న పిదప "మొదటి వెలకే యిమ్ము" అని పట్టుబట్టుటకు వీలు లేదు.

ప్రతిపాదనను ఎరుగనివాడు దానిని అంగీకరించుట పొసగదు. 1913లో అలహాబాదు హైకోర్టు తీర్చిన వ్యాజ్య మొకటి దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. కాన్పూరులో ఒక వర్తకుని మేనల్లుడో, తమ్ముని కొడుకో, చిన్నవాడు ఇల్లు విడిచి పోయెను. యజమాని తన గుమాస్తాను వెదుకుటకు పంపెను. అతడు హరిద్వారమున పిల్లవానిని కనుగొనెను. ఈలోగా యజమాని, పిల్లవానిని తెచ్చినవారికి 501 రూపాయలు బహుమానమని కరపత్రములు వేయించెను. గుమాస్తాకు ఆ సంగతి తెలియదు. తరువాత తెలిసికొని దావా వేయగా, తెలియని ప్రతిపాదనను అంగీకరించితిననుట చెల్లదని న్యాయస్థానము తీర్పు చెప్పెను. ధర్మదృష్టితో చూచినచో ఆ యజమాని బహుమాన మిచ్చియుండిన బాగుండెడిది. చట్టము అడుగునది తక్కువ, ధర్మము అడుగునది ఎక్కువ అను మాటకు ఇది మొదటి నిదర్శనము.

దూరముననున్నవారు ఉత్తరము ద్వారా ఒప్పుకొన్నచో ఎప్పటినుండి కట్టుబడుదురు? అంగీకారపు టుత్తరము తపాలాపెట్టెలో పడి, పంపినవాని చేయి దాటిన క్షణమున ప్రతిపాదన చేసినవాడు కట్టుబడును. పంపినవాడు మాత్రము ఆ యుత్తరము అవతలివానికి తెలిసిన పిమ్మటనే కట్టుబడును. టెలిఫోను సంగతి వేరు. పత్తిగింజల చెక్క కొనుగోలును గూర్చి అహమ్మదాబాదు వర్తకులకును, ఖామ్‌గాఁవ్ మిల్లువారికిని ఫోనులో బేరము కుదిరెను. తగవు వచ్చినప్పుడు దావా ఏ యూరి కోర్టులో వేయవలెనను ప్రశ్న సుప్రీంకోర్టువరకు పోయెను. అంగీకారము ఎచట వినబడెనో అచటనే ఒడంబడిక పుట్టెనని 1965లో ఆ న్యాయస్థానము నిర్ణయించెను. ప్రతిపాదన చేసినది అహమ్మదాబాదువారు. అంగీకారము విన్నదియు వారే. ఫోనులో పలికిన మాటకును ఒక ఊరు, ఒక కాలము గలవని విద్యార్థులు గుర్తింపవలెను.

ఇక ప్రతిఫలము. ఊరక యిచ్చిన మాటను చట్టము సాధారణముగా అమలుపరచదు. ఒకరు కోరినమీదట మరియొకరు ఏదేని చేసినను, మానినను, చేసెదనని మాట యిచ్చినను అది ప్రతిఫల మగును. ఆ ప్రతిఫలము మాట పుచ్చుకొన్నవానినుండియే రానక్కరలేదు. 1880ల ఆరంభమున మద్రాసు హైకోర్టు తీర్చిన చిన్నయ్య రామయ్యల వ్యాజ్యమువలన ఈ సూత్రము స్థిరపడినది. ఒక వృద్ధురాలు తన ఆస్తిని కుమార్తెకు దాన మిచ్చుచు, తన తోడబుట్టినవారికి ఏటేట 653 రూపాయలు చెల్లింపవలెనని నియమించెను. కుమార్తె అట్లే చెల్లింతునని వారికి వేరుగా వ్రాసియిచ్చెను. పిదప, వారు తనకేమియు ఇయ్యలేదు గనుక తాను చెల్లింపనక్కరలేదని వాదించెను. తల్లి యిచ్చిన ఆస్తియే ఆ మాటకు ప్రతిఫలమని న్యాయస్థానము చెప్పెను. ఆస్తిని అనుభవించుచు దానితో వచ్చిన బరువును దింపుకొనజూచువారికి ఈ తీర్పు నేటికిని సమాధానము.

దశరథుడు కైకకు ఇచ్చిన వరములను ఈ తూనికలో తూచి చూచుట విద్యార్థులకు మంచి అభ్యాసము. యుద్ధమున కైక భర్తను కాపాడెను. గతమున స్వచ్ఛందముగా చేసిన మేలునకు పిదప ఇచ్చిన మాటను 25వ సెక్షను అంగీకరించును. కావున ప్రతిఫలము లేదనుటకు వీలు లేదు. అయితే "ఏది కోరిన నది" యను మాటలో నిశ్చయము లేదు. అర్థము నిర్ణయింపరాని ఒప్పందము చెల్లదని 29వ సెక్షను చెప్పును. అదియుగాక, భార్యాభర్తల మాటలో చేరని రాముని అది బంధింపజాలదు. కైక నేటి న్యాయస్థానమునకు పోయియుండినచో ఆమె దావా నిలిచెడిది కాదు. అయినను రాముడు అడవికి పోయెను. చట్టము విడిచిపెట్టినచోటనుండియే ఆయన ధర్మము మొదలైనది.

మూడవది అర్హత. పదునెనిమిదేండ్లు నిండనివాడు ఒడంబడిక చేయజాలడు. కలకత్తాలో ధర్మదాసు ఘోష్ అను మైనరు 1895లో ఒక వడ్డీవ్యాపారికి 20,000 రూపాయలకు ఆస్తి తనఖా వ్రాసి యిచ్చెను. అతడు మైనరని అప్పిచ్చువాని పక్షమున వ్యవహారము నడిపినవానికి ముందే తెలియును. ఆ తనఖా మొదటినుండియే చెల్లనిదని 1903లో ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పెను. పెద్దవాడైన పిమ్మట "ఆనాటి నా మాట ఖాయము" అని ఒప్పుకొన్నను పాత ఒప్పందమునకు ప్రాణము రాదు. కుఱ్ఱవానిచేత నోటు వ్రాయించుకొని తండ్రి పొలముమీద కన్ను వేయువారు ఈ తీర్పును చదువవలెను. మతి స్థిమితము లేనప్పుడు చేసిన ఒప్పందమునకును, త్రాగి తెలివి తప్పినప్పుడు పెట్టిన సంతకమునకును ఇదే గతి.

సభాసదులారా! ఇప్పుడు చెప్పబోవునది ఈ ప్రసంగమునకు గుండెకాయ వంటిది. అది స్వేచ్ఛాసమ్మతి. నిర్బంధము, అనుచితమైన ఒత్తిడి, మోసము, తప్పు వివరణము, పొరపాటు, ఈ యైదింటిలో ఏదియు సమ్మతికి కారణము కాకుండవలెను. సంతకము చేయి చేయును; సమ్మతి మనస్సు చేయును. మనస్సు కదలనిచోట చేయి కదలినంతమాత్రమున ఒడంబడిక కాదు.

మద్రాసు హైకోర్టు 1889లో తీర్చిన రంగనాయకమ్మ వ్యాజ్యమును తలచుకొన్నచో నేటికిని మనస్సు కలగును. ఆమె పదుమూడేండ్ల పిల్ల. భర్త మరణించెను. ఇంటిలో శవమున్నది. ఆమె ఒక పిల్లవానిని దత్తత చేసికొనుటకు ఒప్పుకొన్నగాని శవమును లేవనీయమని బంధువులు అడ్డుపడిరి. ఆ పిల్ల ఒప్పుకొన్నది. దత్తత జరిగినది. ఆ సమ్మతి సమ్మతి కాదని, ఆ దత్తత చెల్లదని న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆనాడు ఆ యింట నిలిచినవారిలో ఒక్కరైనను ఈ చిన్న సూత్రము నెరిగి నోరు విప్పియుండినచో ఆ బిడ్డ కోర్టు మెట్లు ఎక్కనవసర ముండెడిది కాదు.

1917లో అదే హైకోర్టునకు చిక్కం అమ్మిరాజు, చిక్కం శేషమ్మల వ్యాజ్యము వచ్చెను. ఒక గృహస్థుడు ఆత్మహత్య చేసికొందునని బెదరించి, భార్యచేతను కొడుకుచేతను ఆస్తిపై హక్కును తన సోదరుని పేర విడుదల వ్రాయించెను. ప్రాణము తీసికొందునని బెదరించుటయు నిర్బంధమే యని న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు అభిప్రాయపడిరి. కత్తి ఇతరుల మెడపై పెట్టినను, తన మెడపై పెట్టుకొన్నను ఎదుటివాని స్వేచ్ఛ పోవుట సమానమే కదా.

నిర్బంధమువలనను, మోసమువలనను జరిగిన ఒప్పందమును నష్టపడినవాడు కోరినచో రద్దుపరచుకొనవచ్చును. కాగితము స్వరూపమే వేరని నమ్మించి వ్రేలిముద్ర వేయించినచో అది మొదటినుండియే శూన్యము. ఒక నిరక్షరాస్యురాలు తన కుమార్తెకు దానపత్రము వ్రాయుచున్నానని తలచి వ్రేలిముద్ర వేయగా, అందులో పరులకు విక్రయపత్రమును గూడ చేర్చి వేయించుకొనిరి. ఆ విక్రయము చెల్లదని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అయినను తీర్పువరకు పోవుటకు ఎన్ని యేండ్లు, ఎన్ని వాయిదాలు, ఎంత వ్యయము పట్టునో ఊహించుకొనవచ్చును. వ్రేలిముద్ర వేయకముందు చదువు వచ్చినవారిచేత కాగితము మొదటినుండి చివరివరకు చదివించుకొనుటకు పట్టునది పావుగంట.

ఖాళీ ప్రామిసరీ నోటుపై సంతకము చేయుట అన్నింటికంటె ప్రమాదకరము. స్టాంపు అంటించిన ఖాళీ నోటుపై సంతకము చేసి యిచ్చినవాడు, దానిని నింపుకొనుటకు పుచ్చుకొన్నవానికి అధికార మిచ్చినట్లే యని 1881 నాటి చట్టము 20వ సెక్షను చెప్పుచున్నది. ఆ స్టాంపు ఎంత మొత్తమునకు సరిపోవునో అంతవరకు నింపుకొనవచ్చును. ఇచ్చినది అయిదువేలే యని పిదప ఎంత మొత్తుకొన్నను, నిరూపించు భారము సంతకము చేసినవానిపై పడును.

నాలుగవది న్యాయమైన ఉద్దేశము. ఉద్యోగ మిప్పింతునని లంచము పుచ్చుకొన్నవానిపై దావా వేసినచో న్యాయస్థానము సాధారణముగా చేయి అందింపదు; ఇచ్చినవాడును ఆ దోషమున భాగస్వామియే. కట్నము ఇత్తుననియు, తెత్తుననియు చేసికొన్న ఒప్పందము చెల్లదని 1961 నాటి వరకట్న నిషేధ చట్టము 5వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. పెద్దమనుషుల సమక్షమున కాగితము వ్రాసికొన్నను దానికి విలువ లేదు. సంక్రాంతి కోడిపందెములో గెలిచిన సొమ్మునకు దావా లేదు. పందెపు టొప్పందము చెల్లదని 30వ సెక్షను. కౌరవసభలో ద్రౌపది వేసిన ప్రశ్నను ఇచట తలచుకొనవలెను. ధర్మరాజు మొదట ఎవరిని ఓడెను? తన్ను తాను ఓడిన పిమ్మట పరుని సొత్తైనవానికి వేరొకరిని ఒడ్డు హక్కు ఎచటిది? సభలోని పెద్దలు సరియైన సమాధానము చెప్పలేకపోయిరి. తనది కానిదానిపై ఎవడును ఇతరునకు హక్కు నీయజాలడను సూత్రము సరకుల విక్రయ చట్టములో నేడు 27వ సెక్షనుగా నున్నది. దొంగ సొత్తును వెల యిచ్చి కొన్నవాడు సైతము దానికి యజమాని కాడు. మనుష్యుడు ఎవనికిని సొత్తు కాడన్నది అంతకంటె పెద్ద సూత్రము.

మరి కాగితము దేనికి? చాలచోట్ల కాగితము ఒడంబడిక కాదు. ఒడంబడిక జరిగెననుటకు సాక్ష్యము. శకుంతల రాజసభకు వచ్చినప్పుడు దుష్యంతుడు ఎరుగననెను. భారతకథలో ఆకాశవాణి పలుకగా సత్యము తేలెను. కాళిదాసు నాటకములో ఉంగరము దొరికెను. ఆకాశవాణి ప్రతి వ్యాజ్యమునకు వచ్చి సాక్ష్యము చెప్పదు గనుక మానవులు రసీదు వ్రాసికొనవలసివచ్చినది. కొన్నిచోట్ల మాత్రము వ్రాతయే ప్రాణము. నూరు రూపాయలును అంతకు పైబడియు విలువ గల భూమిని అమ్మినచో రిజిస్టరు దస్తావేజు తప్పదు. తెలంగాణములో సాదాబైనామా యని పిలువబడు సాదాకాగితపు క్రయమువలన తిన్నగా యాజమాన్యము సంక్రమింపదు. దానిని క్రమబద్ధము చేసికొనవలసివచ్చుటకు కారణ మిదియే. ఏటేటి కౌలును, సంవత్సరము మించిన గడువు గల కౌలును రిజిస్టరు దస్తావేజుతోనే నడుపవలెను.

కాలమును గూర్చి ఒక మాట. డిమాండు ప్రామిసరీ నోటుపై దావా వేయుటకు 1963 నాటి కాలపరిమితి చట్టము వ్రాసిన తేదీనుండి మూడేండ్ల గడువు ఇచ్చుచున్నది. ఆ లోపల బాకీదారు కొంత చెల్లించి, నోటు వెనుక తన చేవ్రాలుతో చెల్లు వేసినచో, ఆనాటినుండి మరల మూడేండ్లు. గడువు దాటినచో దావా చచ్చును గాని ఋణము చావదు. కాలదోషము పట్టిన బాకీని తీర్తునని బాకీదారు క్రొత్తగా వ్రాసి సంతకము చేసినచో 25వ సెక్షను దానిని ఒడంబడికగా అంగీకరించును. కావున గడువు చివర పెట్టబడు చిన్న సంతకమును చిన్నదిగా భావింపరాదు.

మాట తప్పినచో పరిహార మెంత? ఇంగ్లండులో గ్లాస్టరు పట్టణమున ఒక పిండిమరకు ఇరుసు విరిగెను. నమూనాగా దానిని క్రొత్తది చేయువారికి చేర్పవలసిన రవాణాదారు ఆలస్యము చేసెను. మర ఆగిన దినముల లాభమంతయు ఇయ్యవలెనని యజమాని దావా వేసెను. ఇరుసు చేరనిదే మర నడువదని రవాణాదారునకు తెలిసియుండలేదు గనుక ఆ లాభము రాదని 1854లో తీర్పు వచ్చెను. ఆ సూత్రమే మన చట్టమున 73వ సెక్షను. సహజముగా కలుగు నష్టమును, ఒడంబడికనాడు ఇరువురకు తెలిసియున్న నష్టమును మాత్రమే పొందవచ్చును. విత్తనములు ఫలానా కార్తెలోపల చేరవలెనని ముందుగా చెప్పిన రైతునకు, చెప్పని రైతునకు ఇందువలన ఎంతో భేద మున్నది.

తుదకు గ్రంథాలయమునకు దగ్గరగా వచ్చు రెండు వ్యాజ్యములతో ముగించుట సమంజసము. హౌరాలో పురమందిరము కట్టుటకు చందాలు వేసిరి. ఒకరు నూరు రూపాయలకు సంతకము చేసిరి. ఆ చందాలను నమ్మి నిర్వాహకులు కట్టడమునకు కంట్రాక్టు ఇచ్చిరి. పిదప ఆయన ఇయ్యననగా, ఇచ్చితీరవలెనని 1886లో కలకత్తా హైకోర్టు తీర్పు చెప్పెను. 1914లో అలహాబాదు హైకోర్టుకు వచ్చినది మసీదు మరమ్మతునకు 500 రూపాయలు ఇత్తుననిన మాట. అచట ఆ మాటను నమ్మి ఎవరును పని ప్రారంభింపలేదు. ఆ మాటకు చట్టబంధము లేదని తీర్పు. భేదమంతయు ఒక్కటే: మొదటిచోట మాటను నమ్మి ఇతరులు తల తాకట్టు పెట్టిరి, రెండవచోట పెట్టలేదు.

ఇరువదియైదేండ్లుగా ఒక గ్రామ గ్రంథాలయము నిలుచుట, ఏ న్యాయస్థానమును అమలుపరచనక్కరలేని మాటలవలననే. నెలనెల చందా ఇచ్చినవారు, పుస్తకము తీసికొని తిరిగి యిచ్చినవారు, సాయంకాలము దీపము వెలిగించినవారు దావాకు భయపడి ఆ పని చేయలేదు. కాని ఊరిలోని మాటలన్నియు అట్టివి కావు. ఎవడైనను ముడుచుకొన్న కాగితముతో వచ్చి "ఇచట వ్రేలిముద్ర వేయుము" అనినచో, "గ్రంథాలయమునకు పోయి చదివించుకొని వత్తును" అని చెప్పగల ధైర్యము ప్రతి రైతునకు, ప్రతి గృహిణికి కలుగవలెను. చదువుకొన్న యువకులు ఆ సమయమున విసుగుకొనక, ప్రతి పంక్తి బిగ్గరగా చదివి, అర్థము చెప్పి, వేయవలెనో మానవలెనో నిర్ణయము వారికే విడువవలెను. ఏలయన సమ్మతి వారిది.

స్వస్తి.